లాజిట్, ప్రాబిట్, సీలాగ్‌లాగ్: పురుగు పరీక్షల లెక్కలో లింక్ ఫంక్షన్‌ను దేన్ని బట్టి ఎంచుకోవాలి?

ములుగురోడ్డు_పురుగులు (వరంగల్)

సభ్యులందరికీ నమస్కారం. నేను కీటకశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. ఆముదం ఆకులపై పెంచిన పొగాకు లద్దె పురుగు మూడో దశ లార్వాల మీద, ఆకును మందులో ముంచి ఆరబెట్టి తినిపించే పద్ధతిలో ఒక రసాయన మందును పరీక్షించాను. మొత్తం ఐదు గాఢతలు తీసుకున్నాను. ఒక్కో గాఢతకు పదేసి లార్వాలున్న మూడు పెట్టెల చొప్పున 30 లార్వాలు, వాటికి తోడు వట్టి నీటిలో ముంచిన ఆకులు తిన్నవి మరో 30 ఉన్నాయి. నీటి గుంపులోనే మూడు చనిపోయాయి. అన్నింటికన్నా తక్కువ గాఢతలో మాత్రం చనిపోయినవి రెండే.

ఆర్ అనే గణాంక భాషలో జీఎల్ఎమ్ (సాధారణీకరించిన సరళ మోడల్) ఫంక్షన్‌తో, గాఢత సంవర్గమానాన్ని వివరణ చలరాశిగా పెట్టి, మొదట లాజిట్ లింకుతోనూ తర్వాత ప్రాబిట్ లింకుతోనూ లెక్కించాను. లింక్ అంటే మరణ సంభావ్యతను గాఢతతో సరళరేఖగా కలిపే సూత్రం. సగం పురుగులను చంపే గాఢత, అంటే ఎల్‌సీ 50, రెండింటిలోనూ దాదాపు ఒకటే వచ్చింది. ఎల్‌సీ 99 మాత్రం లాజిట్‌లో ప్రాబిట్ కన్నా రెట్టింపుకు దగ్గరగా వస్తోంది. నిరోధక శక్తి పరీక్షకు ఒకే గాఢత నిర్ణయించాలి కాబట్టి మా గైడు గారు ఎల్‌సీ 99 కావాలంటున్నారు. రెండింటిలో దేన్ని నమ్మాలి? మోడళ్లను పోల్చే ఏఐసీ విలువల్లో తేడా ఒకటి కన్నా తక్కువగా ఉంది. ఇదే పురుగు మీద, దానికి రోగం తెచ్చే ఎన్‌పీవీ వైరస్ ద్రావణంతో చేసిన రెండో పరీక్ష ఫలితాలు కూడా నా దగ్గర ఉన్నాయి. రెండింటికీ ఒకే లింక్ వాడాలా అన్నది నా మరో సందేహం.

కాజీపేట_లెక్కలు (కాజీపేట, విశ్రాంత అధ్యాపకుడు)

అమ్మా, మీరు చూసిన రెట్టింపు తేడా మీ డేటాలోని లోపం కాదు, ఆ రెండు వక్రరేఖల స్వభావమే అది. ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఎల్‌సీ 50 పది, ఎల్‌సీ 90 వంద అని మూడు లింకులూ కచ్చితంగా ఏకీభవించాయనుకోండి. ప్రాబిట్‌లో 50 శాతం నుంచి 90 శాతానికి దూరం 1.28, 99 శాతానికి దూరం 2.33 కాబట్టి ఆ లెక్కన ఎల్‌సీ 99 సుమారు 653 అవుతుంది. లాజిట్‌లో అవే దూరాలు 2.20, 4.60 కాబట్టి ఎల్‌సీ 99 సుమారు 1233కు పోతుంది. సీలాగ్‌లాగ్ అని పిలిచే కాంప్లిమెంటరీ లాగ్-లాగ్ లింకులో అయితే 378 దగ్గరే ఆగిపోతుంది. నడిమధ్యన మూడూ ఒకే బాటలో నడిచినా కొసకు వచ్చేసరికి లాజిట్ సంఖ్య సీలాగ్‌లాగ్ సంఖ్యకు మూడింతలయింది. లాజిస్టిక్ పంపిణీ తోకలు నార్మల్ పంపిణీ తోకల కన్నా బరువైనవి కావడం వల్ల లాజిట్ చివరి పురుగును చంపడానికి ఎక్కువ మందు అడుగుతుంది. సీలాగ్‌లాగ్ పైకొస వేగంగా ఒకటిని చేరుకుంటుంది.

ఇక దేన్ని నమ్మాలంటే, ఆ సంఖ్య ఎలా పుట్టిందో ముందు చూడాలి. ప్రాబిట్‌ను 1934లో చెస్టర్ బ్లిస్ పురుగుమందుల పరీక్షల కోసమే రూపొందించాడు. ప్రతి పురుగుకూ తాను తట్టుకోగల ఒక మోతాదు ఉంటుందని, ఆ మోతాదుల సంవర్గమానాలు నార్మల్‌గా పరచుకుని ఉంటాయని, మందు ఆ హద్దు దాటితే పురుగు చస్తుందని ఆయన ఊహ. పాత పట్టికల్లో 50 శాతానికి ఎదురుగా సున్నా కాకుండా 5 కనిపించడానికి కారణం, చేత్తో లెక్కించేవాళ్లకు రుణ సంఖ్యల బాధ ఉండకూడదని ఆయన ప్రతి విలువకూ 5 కలపడమే. మా కాలంలో విద్యార్థులు ఆ 5ను తీసేయడం మరచిపోయి తలలు పట్టుకునేవాళ్లు. లాజిట్ అనే పేరును 1944లో జోసెఫ్ బెర్క్‌సన్ తెచ్చాడు. ఆయన ప్రధాన వాదన లెక్క సులువు అన్నదే తప్ప పురుగు అలా చస్తుందని కాదు. మీ రసాయన మందుకు తట్టుకునే మోతాదు అన్న భావన సహజంగా అతుకుతుంది కాబట్టి నేనైతే ప్రాబిట్‌తో మొదలుపెడతాను. అయితే ఒక్కో గాఢతకు 30 పురుగులతో ఎల్‌సీ 99 చెప్పడం, చెరువు లోతు గట్టు మీద నిలబడి అంచనా కట్టినట్టే.

పసుపుకొమ్ము (నిజామాబాద్)

సర్ మాటకు ఎదురు చెప్పడం నా ఉద్దేశం కాదు గాని, ఈ ఎంపికకు ఇంత ప్రాముఖ్యం అవసరమా అన్నది నా అనుమానం. మధ్యలో అన్ని లింకులూ ఒకటే అంటున్నారు. లాజిట్ గుణకాన్ని 1.6 నుంచి 1.8 మధ్య సంఖ్యతో భాగిస్తే ప్రాబిట్ గుణకం వస్తుందని పాఠ్యపుస్తకాలే చెబుతున్నాయి. పత్రికలవాళ్లకు లాజిట్ అలవాటు, చదివేవాళ్లకు ఆడ్స్ నిష్పత్తి (జరిగే, జరగని అవకాశాల నిష్పత్తిని రెండు గుంపుల్లో పోల్చేది) అలవాటు. ఏఐసీ తేడా ఒకటి కన్నా తక్కువ అయినప్పుడు అలవాటైనదాన్ని వాడి ముందుకు పోవడమే మేలు కదా?

కాజీపేట_లెక్కలు

మధ్యలో జరిగే విషయానికి మీ మాట నిజమే, దాన్ని నేను కాదనను. ఆమె అడుగుతున్నది మాత్రం 99వ శాతం. ఏఐసీ తేడా చిన్నదిగా ఉందంటే రెండు లింకులూ సమానమని కాదు, వాటిని విడదీసే శక్తి ఈ డేటాకు లేదని అర్థం. 1967లోనే చాంబర్స్, కాక్స్ ఈ ప్రశ్నను పరిశీలించి, లాజిస్టిక్‌నూ నార్మల్‌నూ వేరుచేయాలంటే చాలా పెద్ద నమూనాలు, అవి కూడా కొసల దగ్గర పరిశీలనలు ఉండాలని చూపించారు. డేటా తీర్పు చెప్పలేనప్పుడు మిగిలే ఆధారం ఆ డేటా పుట్టిన తీరే. అందుకే అలవాటు కన్నా యంత్రాంగాన్ని ముందు చూడమంటున్నాను.

లింకును పరీక్షించడానికి ప్రెగిబన్ 1980లో చెప్పిన ఉపాయం ఒకటుంది. మోడల్ ఇచ్చిన సరళ విలువ ఈటాను వర్గం చేసి, దాన్ని అదనపు చలరాశిగా మళ్లీ మోడల్‌లో పెట్టి, దాని గుణకం సున్నాకు దూరంగా ఉందేమో చూడాలి. కానీ మీకు ఉన్నది ఒకే చలరాశి కావడం వల్ల ఈటా వర్గం కలపడమూ, గాఢత సంవర్గమానపు వర్గం కలపడమూ ఒకటే అయిపోతాయి. అంటే ఈ లింకు పరీక్షలో మోడల్ విఫలమైతే తప్పు లింకుదో, గాఢతను ఏ కొలమానంలో పెట్టారన్నదానిదో తేల్చలేరు. సంవర్గమానం తీయకుండా నేరుగా గాఢతను పెట్టి లింకును నిందించిన సిద్ధాంత వ్యాసాలు నేను కొన్ని చూశాను.

ఇంకొక మాట. మూడు పెట్టెల లార్వాలు వేర్వేరు గుడ్ల సముదాయాల నుంచి వచ్చాయా? ఒక పెట్టెలోని పదీ ఒకే తల్లి పిల్లలైతే అవి కలిసి చస్తాయి, కలిసి బతుకుతాయి. ద్విపద పంపిణీ ఊహించే దానికన్నా చెదరు ఎక్కువవుతుంది. శేష డీవియన్స్‌ను (మోడల్‌కు డేటా ఎంత దూరంగా ఉందో చెప్పే కొలత) స్వేచ్ఛా పరిమాణాలతో (డేటా వరుసల సంఖ్యలోంచి గుణకాల సంఖ్య పోగా మిగిలినది) పోల్చి చూడకుండా లింకుల మధ్య ఏఐసీ పోలిస్తే ఆ పోలికకు విలువ లేదు. పెట్టెలవారీగా లెక్కలు పెట్టండి, ముప్ఫైని ఒక్క ముద్దగా కలపకండి.

ములుగురోడ్డు_పురుగులు

సర్, పెట్టెలవారీ లెక్కలు ఉన్నాయి. లార్వాలను కలగలిపి పెట్టెల్లోకి పంచాను కాబట్టి ఆ చిక్కు పెద్దగా లేదు, డీవియన్స్ స్వేచ్ఛా పరిమాణాలకు దగ్గరగానే ఉంది.

అసలు చిక్కు నీటి గుంపులోని మరణాల దగ్గర వచ్చింది. మా విభాగంలో ఆనవాయితీగా అబ్బట్ సూత్రం వాడతారు. గమనించిన మరణ శాతంలోంచి నీటి గుంపు మరణ శాతాన్ని తీసేసి, వందలోంచి నీటి గుంపు మరణ శాతం పోగా మిగిలిన దానితో భాగిస్తారు. ఉదాహరణకు గమనించినది 60 శాతం, నీటి గుంపులో 10 శాతం అయితే సవరించినది 55.6 శాతం. కానీ నా తక్కువ గాఢతలో 30కి రెండే చనిపోయాయి. ఆ లెక్కన సవరించిన మరణ శాతం మైనస్ 3.7 వస్తోంది. దాన్ని సున్నాగా రాసుకోమని మా విభాగంలో ఒక సీనియర్ సలహా ఇచ్చారు. సవరించిన శాతాలను జీఎల్ఎమ్‌కు ఇస్తే పూర్ణాంకాలు కాని విజయాలు ఉన్నాయని హెచ్చరిక కూడా వస్తోంది. ఈ సవరణను లింకులోనే ఇమిడ్చే మార్గం ఉందని ఎక్కడో చదివాను గాని ఎలా చేయాలో తెలియలేదు.

ఏకశిల (హనుమకొండ)

మేడం, ఆ మైనస్‌ను సున్నాగా రాసుకోవద్దు. అబ్బట్ సూత్రాన్ని 1925లో ప్రకటించినప్పుడు ఈ కంప్యూటర్లు లేవు కాబట్టి ముందే సవరించుకోవడం తప్పనిసరి అయింది. సవరణ తర్వాత ఆ సంఖ్య ద్విపద లెక్క కానేకాదు, దాని వేరియన్స్ కూడా మారిపోతుంది. సవరణను డేటాకు కాకుండా మోడల్‌కు చేయాలి. ఒక పురుగు సహజంగా చనిపోయే సంభావ్యత సి అనుకుంటే, మొత్తం మరణ సంభావ్యత పి = సి + (1 − సి) × ఎఫ్(ఈటా) అవుతుంది. ఇక్కడ ఎఫ్ అంటే ప్రాబిట్ అయితే నార్మల్ సంచిత ఫంక్షన్, లాజిట్ అయితే లాజిస్టిక్ ఫంక్షన్. ఈ సమీకరణమే మీకు కావలసిన సొంత లింకు.

ఆర్‌లో లింక్ అంటే మంత్రం ఏమీ కాదు, ఐదు అంశాలున్న ఒక జాబితాకు లింక్-జీఎల్ఎమ్ అనే క్లాస్ పేరు తగిలిస్తే సరిపోతుంది. మొదటి అంశం లింక్‌ఫన్, ఇది సంభావ్యత నుంచి ఈటాకు తీసుకుపోతుంది. మీ విషయంలో (పి − సి) ÷ (1 − సి) విలువకు విలోమ నార్మల్. రెండోది లింక్‌ఇన్వ్, ఇది పైన రాసిన సమీకరణమే. మూడోది మ్యూ డాట్ ఈటా, ఈటా కొంచెం కదిలితే సంభావ్యత ఎంత కదులుతుందో చెప్పే అవకలజం. ప్రాబిట్‌కు ఇది (1 − సి) ను నార్మల్ సాంద్రతతో గుణిస్తే వస్తుంది. నాలుగోది వాలిడ్‌ఈటా, మీకు ఈటా ఏ విలువైనా తీసుకోవచ్చు కాబట్టి ఎప్పుడూ నిజం అని తిరిగి ఇస్తే చాలు. ఐదోది పేరు. ఈ జాబితాను బైనామియల్ ఫ్యామిలీలో లింక్ స్థానంలో పెట్టవచ్చు.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. లింక్‌ఇన్వ్ ఎప్పుడూ కచ్చితంగా 1 ఇవ్వకూడదు, ఇస్తే వేరియన్స్ సున్నా అయి లెక్క కూలిపోతుంది. అందువల్ల 1కి కొద్దిగా లోపలే ఆపండి. ఆ తర్వాత మ్యూ డాట్ ఈటాను రాసి వదిలేయకుండా, ఈటాను ఒక పది చోట్ల కొద్ది కొద్దిగా కదిపి లింక్‌ఇన్వ్‌లో వచ్చిన తేడాతో సరిపోల్చి చూడండి. సొంత లింకుల్లో నేను చేసిన తప్పుల్లో సగానికి పైగా అక్కడే బయటపడ్డాయి. (1 − సి) గుణించడం మరచిపోయినా మోడల్ ఏదో ఒక జవాబు ఇస్తూనే ఉంటుంది, ప్రామాణిక దోషాలు మాత్రం తప్పుగా వస్తాయి.

ములుగురోడ్డు_పురుగులు

మీరు చెప్పినట్టే రాశాను. అవకలజం సరిపోయింది. కానీ జీఎల్ఎమ్ మొదటి అడుగులోనే, సరైన ప్రారంభ విలువలు దొరకలేదు, మీరే ఇవ్వండి అన్న అర్థంలో ఒక దోష సందేశం ఇచ్చి ఆగిపోయింది. సి విలువను 0.10గా పెట్టాను. సి ని 0.05కు తగ్గిస్తే నడుస్తోంది. 0.10తో ఎందుకు నడవదో అర్థం కావడం లేదు.

ఏకశిల

ఇది నేను ముందే చెప్పి ఉండాల్సింది, క్షమించండి. ద్విపద మోడల్‌లో జీఎల్ఎమ్ తన మొదటి ఊహను డేటా నుంచే తీసుకుంటుంది. చనిపోయిన సంఖ్యకు అర కలిపి, మొత్తానికి ఒకటి కలిపి భాగిస్తుంది. మీ తక్కువ గాఢతలో అది 2.5 ÷ 31, అంటే 0.081. మీ లింకు ప్రకారం సంభావ్యత 0.10 కన్నా తగ్గనే తగ్గదు. 0.081లోంచి 0.10 తీసేస్తే రుణ సంఖ్య వస్తుంది, రుణ సంఖ్యకు విలోమ నార్మల్ లేదు, అందుకే ఆగిపోయింది. సి 0.05 అయినప్పుడు 0.081 దానికన్నా ఎక్కువ కాబట్టి నడిచింది.

పరిష్కారం సులువు. ముందు మామూలు ప్రాబిట్ మోడల్ నడిపి, దాని రెండు గుణకాలను స్టార్ట్ అనే ఆర్గ్యుమెంట్‌లో ఇవ్వండి. అప్పుడు అది మొదటి ఊహను డేటా నుంచి కాకుండా ఆ గుణకాల నుంచి తీసుకుంటుంది.

మీరు 0.10 అని సి ని బిగించేశారు కూడా. అది మీకు తెలిసిన సంఖ్య కాదు, 30 పురుగుల నుంచి వచ్చిన అంచనా. దాన్ని బిగిస్తే మిగతా ప్రామాణిక దోషాలన్నీ ఉండాల్సిన దానికన్నా చిన్నవిగా కనిపిస్తాయి. పైగా నీటి గుంపును జీఎల్ఎమ్‌లో పెట్టనే లేరు, ఎందుకంటే సున్నా గాఢతకు సంవర్గమానం లేదు. అందుకని సి కి సున్నా నుంచి 0.20 వరకు చిన్న చిన్న అడుగులతో విలువలు ఇస్తూ, ప్రతిసారీ మోడల్ లాగ్-లైక్లీహుడ్‌కు (ఆ విలువలతో ఈ డేటా వచ్చే సంభావ్యతకు సంవర్గమానం) నీటి గుంపు లాగ్-లైక్లీహుడ్ కలపండి. నీటి గుంపు వంతు, 3 × లాగ్(సి) + 27 × లాగ్(1 − సి). మొత్తం ఎక్కడ గరిష్ఠమవుతుందో అదే సి అంచనా. గరిష్ఠం నుంచి రెట్టింపు లాగ్-లైక్లీహుడ్ 3.84 తగ్గే చోట్ల మధ్య దూరమే దాని 95 శాతం విశ్వాస అంతరం. ఈ పనంతా ఒకే ఆప్టిమైజేషన్‌లో కూడా చేయవచ్చు గాని, మెట్లు మెట్లుగా చేస్తే ఏం జరుగుతోందో కళ్లకు కనిపిస్తుంది. సాస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ప్రాక్ ప్రాబిట్‌లో ఆప్ట్‌సీ అనే ఐచ్ఛికం ఈ పని చేసిపెడుతుంది.

గోదావరి_ఒడ్డు (మంచిర్యాల)

దోమల సర్వేలో పనిచేస్తున్నవాడిగా ఈ చర్చకు ఒక మాట కలపాలనుకుంటున్నాను. దోమల్లో నిరోధక శక్తి పరీక్షకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో నిర్ధారణ గాఢతను సాధారణంగా లొంగే జాతి దోమల ఎల్‌సీ 99కు రెట్టింపుగా తీసుకుంటారు. ఇందాక సర్ చూపిన 653, 1233 సంఖ్యలను రెట్టింపు చేస్తే లింకు తేడా తిన్నగా క్షేత్రంలో వాడే సీసా మీదకు వచ్చి కూర్చుంటుంది. కాబట్టి పసుపుకొమ్ము గారూ, ఇది పత్రికల అలవాటుకు వదిలేసే విషయం కాదు.

మా దగ్గర సీలాగ్‌లాగ్ తప్పనిసరి అయ్యే సందర్భం ఒకటుంది. పట్టిన దోమలను ఒక్కొక్కటిగా వైరస్ పరీక్ష చేయించే స్తోమత ఉండదు కాబట్టి గుత్తులుగా కలిపి పరీక్షిస్తాం. కొన్ని గుత్తుల్లో పది, కొన్నింటిలో ఇరవై అయిదు దోమలు ఉంటాయి. ఒక్క దోమకు వైరస్ ఉండే సంభావ్యత నూటికి ఒకటి అయినా, 25 దోమల గుత్తి పాజిటివ్ అయ్యే సంభావ్యత 22 శాతానికి పైగా ఉంటుంది. గుత్తి నెగెటివ్ కావాలంటే అందులోని ప్రతి దోమా నెగెటివ్ కావాలి. ఈ గుణకారాన్ని సీలాగ్‌లాగ్ కూడికగా మార్చేస్తుంది. గుత్తి ఈటా అంటే ఒక్క దోమ ఈటాకు గుత్తి పరిమాణపు సంవర్గమానం కలిపినంతే. అందుచేత గుత్తి పరిమాణపు సహజ సంవర్గమానాన్ని ఆఫ్‌సెట్‌గా (గుణకం 1 అని బిగించిన చలరాశిగా) పెడితే వచ్చే స్థిరపదం, గుణకాలు నేరుగా ఒక్క దోమకు సంబంధించినవవుతాయి. లాజిట్‌తో ఇది ఏ విధంగానూ కుదరదు. 40 గుత్తుల్లో 9 పాజిటివ్ అనుకోండి, గుత్తికి 25 చొప్పున వెయ్యి దోమలు. తొమ్మిదిని వెయ్యితో భాగించే పాత పద్ధతిలో 0.9 శాతం వస్తుంది, సరైన అంచనా 1.01 శాతం. వ్యాప్తి పెరిగేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది.

కొన్ని పాజిటివ్ గుత్తులు పరీక్షకు దొరక్కుండా తప్పించుకుంటాయని తెలిస్తే, ఏకశిల గారు చెప్పిన సొంత లింకును తలకిందులు చేయాలి. అక్కడ అడుగున సి ఉన్నట్టే ఇక్కడ పైన ఒక కప్పు ఉంటుంది. పి = ఎస్ × ఎఫ్(ఈటా), ఎస్ అంటే పరీక్ష సున్నితత్వం.

కాజీపేట_లెక్కలు

మంచి ఉదాహరణ. 1922లో ఫిషర్ కూడా పలుచన చేసిన ద్రావణాల్లో సూక్ష్మజీవులను లెక్కించే సమస్యలో ఈ రూపాన్నే చేరుకున్నాడు. పేరు తర్వాత వచ్చింది.

ఇప్పుడు ఆమె రెండో ప్రశ్న, ఎన్‌పీవీ వైరస్. అక్కడ తట్టుకునే మోతాదు అన్న భావనకు బదులు, లార్వా మింగిన కణాల్లో కనీసం ఒక్కటి విజయవంతంగా కణజాలంలోకి చొరబడితే చాలు అన్న ఊహ ఎక్కువ సహేతుకం. చొరబడే కణాల సంఖ్య పాయిసాన్ పంపిణీలో ఉండి, దాని సగటు మోతాదుకు అనులోమంగా ఉంటే, బతికే సంభావ్యత, సహజ సంవర్గమానపు ఆధారమైన ఇ ని (మైనస్ సగటు) ఘాతానికి ఎత్తినంత అవుతుంది. అది సీలాగ్‌లాగే. ఇక్కడ ఇంకో మేలు ఉంది. ఈ ఊహ నిజమైతే సహజ సంవర్గమానం తీసిన మోతాదు గుణకం సరిగ్గా 1 కావాలి. అంటే యంత్రాంగాన్ని డేటాతో పరీక్షించే అవకాశం దొరుకుతుంది. మీ పట్టికలు పది ఆధారపు సంవర్గమానంలో ఉంటే 1కి బదులు 2.303 రావాలి, అది మరచిపోయి ఊహ తప్పని తేల్చకండి. లార్వాల మధ్య రోగానికి లొంగే గుణంలో తేడాలుంటే గుణకం 1 కన్నా తగ్గుతుంది, ఆచరణలో అలా తగ్గడం మామూలే.

ఇదే చోట ఒక గుంట కూడా ఉంది. లాజిట్, ప్రాబిట్‌లలో ఈటా సున్నా అయిన చోట సంభావ్యత సగం కాబట్టి, స్థిరపదానికి మైనస్ పెట్టి గుణకంతో భాగిస్తే ఎల్‌సీ 50 సంవర్గమానం వచ్చేస్తుంది. సీలాగ్‌లాగ్‌లో ఈటా సున్నా అయితే సంభావ్యత 63.2 శాతం. సగం మరణానికి ఈటా మైనస్ 0.3665 కావాలి. పాత సూత్రాన్ని అలాగే వాడితే మీరు ఎల్‌సీ 63 లెక్కించి ఎల్‌సీ 50 అని అచ్చు వేయిస్తారు. ఇంకా, లాజిట్, ప్రాబిట్‌లలో చనిపోవడాన్ని 1 అన్నా, బతకడాన్ని 1 అన్నా గుర్తు మాత్రమే మారుతుంది. సీలాగ్‌లాగ్ సౌష్ఠవం లేనిది కావడంతో, 1 ఎవరిదో తారుమారైతే మోడలే మారిపోతుంది.

ములుగురోడ్డు_పురుగులు

సర్, సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను, వైరస్ డేటాకు నిన్న రాత్రి సీలాగ్‌లాగ్ నడిపి సరిగ్గా ఆ 63 శాతపు తప్పే చేశాను. మీరు చెప్పిన తర్వాత సరిచేశాను. వైరస్ పరీక్షలో రోజు రోజూ మరణాలు నమోదు చేసిన పట్టిక కూడా ఉంది. ఏడో రోజు మొత్తం మాత్రమే వాడాలా, రోజువారీ వివరం వాడవచ్చా?

కాజీపేట_లెక్కలు

వాడవచ్చు, వాడాలి. ప్రతి లార్వాకూ అది బతికి ఉన్న ప్రతి రోజుకూ ఒక వరుస రాసి, ఆ రోజు చనిపోయిందా లేదా అన్నదాన్ని స్పందనగా పెట్టి, రోజును వర్గంగా చేర్చి సీలాగ్‌లాగ్ నడపండి. అనుపాత హజార్డ్ మోడల్‌ను (హజార్డ్ అంటే అప్పటిదాకా బతికినది ఆ క్షణంలో చనిపోయే రేటు) రోజుల గడుల్లో చూసినప్పుడు కచ్చితంగా ఈ రూపమే వస్తుందని 1978లో ప్రెంటిస్, గ్లోక్లర్ చూపించారు. గుణకాలను హజార్డ్ నిష్పత్తులుగా చదువుకోవచ్చు.

మెట్టుగుట్ట_వైద్యుడు (మడికొండ)

చర్చ పురుగుల మీద సాగుతున్నా, లింకు ఎంపిక గురించే కాబట్టి మనుషుల వైపు నుంచి రెండు మాటలు రాస్తాను. మా రంగంలో ఆడ్స్ నిష్పత్తిని రిస్కు నిష్పత్తిగా చదవడం నిత్యం జరిగే పొరపాటు. ఒక గుంపులో 60 శాతానికి, ఇంకో గుంపులో 40 శాతానికి జబ్బు వస్తే రిస్కు నిష్పత్తి 1.5, ఆడ్స్ నిష్పత్తి 2.25. రిస్కు నిష్పత్తి కావాలనుకునేవాళ్లు లాగ్ లింకు వాడతారు. అయితే లాగ్ లింకులో ఈటా సున్నా దాటితే సంభావ్యత 1 దాటిపోతుంది కాబట్టి మోడల్ తరచుగా ఒక జవాబు దగ్గర స్థిరపడకుండా ఆగిపోతుంది. అప్పుడు పాయిసాన్ మోడల్‌ను దృఢ ప్రామాణిక దోషాలతో నడిపే 2004 నాటి జౌ పద్ధతి పనికి వస్తుంది.

అయితే రోగులను, రోగం లేనివారిని వేర్వేరుగా ఎంచుకున్న కేస్-కంట్రోల్ అధ్యయనంలో మాత్రం లాజిట్‌ను వదలకూడదు. ఆ ఎంపిక వల్ల లాజిట్‌లో స్థిరపదం ఒక్కటే చెదురుతుంది, మిగతా గుణకాలు చెక్కుచెదరవు. ప్రాబిట్‌కు గాని సీలాగ్‌లాగ్‌కు గాని ఈ గుణం లేదు. పసుపుకొమ్ము గారి అలవాటుకు ఇక్కడ మాత్రం గట్టి ఆధారం ఉంది.

పసుపుకొమ్ము

సంతోషం, ఒక్కచోటైనా గెలిచాను. అయినా ఒక ప్రశ్న మిగిలింది. ఒక గాఢత నుంచి పైన అన్నీ చనిపోయి, కింద ఒక్కటీ చావకపోతే గుణకం అనంతానికి పరుగెడుతుంది కదా. నా పసుపు నిల్వల పురుగు పరీక్షలో అదే జరిగింది. అప్పుడు లింకు మారిస్తే దారి దొరుకుతుందా?

ఏకశిల

దొరకదు. సంపూర్ణ విభజన ఉన్నప్పుడు లాజిట్, ప్రాబిట్, సీలాగ్‌లాగ్ మూడింటిలోనూ గుణకం పరుగెడుతూనే ఉంటుంది. లాజిట్‌కు ఫిర్త్ 1993లో చెప్పిన సవరణ పరిమితమైన అంచనా ఇస్తుంది. కానీ మీ విషయంలో అసలు పరిష్కారం ఆ రెండు గాఢతల మధ్య మరికొన్ని గాఢతలు పెట్టి పరీక్షను మళ్లీ చేయడమే.

ములుగురోడ్డు_పురుగులు

వారం రోజుల పని తర్వాత రాస్తున్నాను. రసాయన మందుకు సహజ మరణాన్ని ఇమిడ్చిన ప్రాబిట్ లింకు వాడాను. సి అంచనా 10 శాతం కన్నా కొంత తక్కువ దగ్గర నిలిచింది, తక్కువ గాఢతలోని రెండు మరణాలు దాన్ని కిందికి లాగాయి. దాని విశ్వాస అంతరం నేను అనుకున్న దానికన్నా వెడల్పుగా ఉంది. లాజిట్ రూపంలో కూడా నడిపి రెండు ఎల్‌సీ 99లనూ పక్కపక్కన పెట్టి గైడు గారికి చూపించాను. చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఎల్‌సీ 90 వరకు మాత్రమే వ్యాసంలో పెట్టి, నిర్ధారణ గాఢత కోసం 95 శాతం పైన పడే మూడు గాఢతలతో, గాఢతకు వంద లార్వాలతో పరీక్ష మళ్లీ చేయమన్నారు. వైరస్ డేటాకు సీలాగ్‌లాగ్‌లో సహజ సంవర్గమానపు గుణకం 1 కన్నా కొంచెం తక్కువగా వచ్చింది, అయితే 1 విశ్వాస అంతరంలోనే ఉంది.

ఆముదం చెట్లకు ఇప్పుడు లేత ఆకులు వస్తున్నాయి, వచ్చే నెల లార్వాలు మూడో దశకు రాగానే మొదలుపెడతాను. ఏకశిల గారూ, వంద లార్వాలతో చేసేటప్పుడు నీటి గుంపుకు కూడా వంద పెట్టాలా, ఇంకా ఎక్కువ పెట్టాలా?

ఏకశిల

ఎక్కువ పెట్టండి, వీలైతే రెట్టింపు. అన్ని గాఢతల అంచనాలూ ఆ ఒక్క సి మీదనే నిలబడి ఉన్నాయి.